ఆకుపచ్చ చద్దర్ల వారం

సాంచెల చప్పుడు లేదు. పొద్దున్నుంచి చెవుల్లో ఎవరో దూది కుక్కినట్టు ఉన్నది ఇందుకేనని సుందరాబాయికి ఇప్పుడు తట్టింది. సోలాపూర్ భవాని పేట్‌లో వాళ్ళ ఇంటి ముందు గది దాటితే కారఖానానే, చద్దర్లు నేసే మరమగ్గాలు. వాళ్ళ సాంచెలు, గోడ అవతల పక్కవాళ్ళవి, వీధి అవతల ఇంకొకళ్ళవి. అన్నం తిన్నా, నిద్రపోయినా, ఏడ్చినా ఆ టకటకలోనే. అది ఆగిందంటే కరెంటు పోయినట్టు, లేకపోతే ఎవరో మనిషి పోయినట్టు. ఈ సర్కారు దవాఖానా వరండాలో చప్పుడు ఎప్పుడూ ఉండదేమో, అంటే ఇక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు… ఛీ, అట్లా అనుకోకూడదు. నోట్లోంచి వచ్చిన మాట కంటే మనసులోకి వచ్చిన మాట చెడ్డది, దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఉండదు. ఎదురుగా రెండు రెక్కల తలుపు, దాని మీద ఎర్ర దీపం. దీపం వెలుగుతున్నంతసేపు లోపల కోస్తున్నట్టు, ఆరితే అయిపోయినట్టు అని నర్సు చెప్పింది. అయిపోయినట్టు అన్నది మరాఠీలో. ‘సంపలం’ అన్నది. ఆ మాట పని ముగిసినా అంటారు, మనిషి ముగిసినా అంటారు. సుందరాబాయి దీపాన్ని చూడకుండా ఉండాలని తల దించుకుంది. ఒళ్ళో నేరేడు రంగు చీర కొంగు, అంచు దగ్గర ఒక పోగు లేచి ఉంది. పళ్ళతో తుంచింది. మళ్ళీ దీపం చూసింది. ఉంది.

కొంగు మూలన ముడి. ముడిలో కోడలు మంగళ పుస్తెల తాడు, ముక్కుపుల్ల, మెట్టెలు. లోపలికి తీసుకుపోయేముందు అన్నీ తీసి ఈమె చేతిలో పెట్టారు. కోడలి గాజులు సబ్బునీళ్ళతో జారాయి, అంత సన్నబడిపోయాయి చేతులు. పుస్తెల తాడు మాత్రం మంగళ తనే తీసింది, తల మీదుగా, జడ చిక్కుకుంటే నర్సు విడదీసింది. తీస్తూ అత్త ముఖం చూడలేదు. బతికున్న ముత్తైదువ మెడలోంచి దిగిన తాడు ఎంత బరువుంటుందో సుందరాబాయికి ఇవ్వాళే తెలిసింది. తన తాడు తెంపిన నాడు కూడా ఇంత బరువు అనిపించలేదు. అప్పుడు జరగాల్సింది జరిగిపోయింది, ఇప్పుడు ఇంకా జరగలేదు. జరగని దానికే బరువెక్కువ. లోపలికి తోసుకుపోయే బండి కదిలేటప్పుడు మంగళ, ‘అత్తా, పిల్ల రాత్రి కాళ్ళతోటి దుప్పటి తన్నేస్తది, చూస్కో’ అన్నది. రాత్రి సంగతి అత్తకు చెప్తున్నది. అంటే రాత్రికి తాను ఉండనని అనుకుంటున్నదా? బండి చక్రాల్లో ఒకటి కిర్రుమంటూ పోయింది. ఆ కిర్రు ఇంకా చెవిలో ఉంది, నూనె వెయ్యని రాట్నంలాగా. మంగళ కూర్చునే రాట్నానికి నూనె వేసింది ఎవరు, మంగళే. ఇప్పుడు వారం నుంచి అది మూలన ఉంది.

లోపల ఏం చేస్తుంటారు? మూతికి గుడ్డ కట్టుకున్నారు, అందరూ, కళ్ళు మాత్రమే కనిపించాయి. కోసిన పొట్టను కుడతారు గదా. మూతికి గుడ్డ ఉంటే దారం దేనితో తుంచుతారు? ఈ ప్రశ్న ఎవర్ని అడగాలో తెలియలేదు. అడిగితే నవ్వుతారు. కత్తెర ఉంటుంది, పిచ్చిదానా. కానీ సుందరాబాయికి ఒక దారం తెగడం అంటే పళ్ళ మధ్య తెగడమే. కత్తెర కోసం చెయ్యి చాపేలోపు రెండు కండెలు నిండుతాయి. ఎనిమిదేళ్ళ పిల్లప్పుడు రాట్నం ముందు కూర్చున్నది, ఊరు వేరు, సోలాపూర్ ఇంకా చూడలేదు, అప్పటినుంచి ఈ ముందు పళ్ళతోనే పని. వాటి మధ్య గీత పడింది, నూలు ఆనేచోట. మంగళ పళ్ళకు కూడా అదే గీత మొదలైంది. పెళ్ళికి ముందు లేదు. తమ్ముడు పెంటప్ప బిడ్డ మంగళ, చేతులారా ఎంచి తెచ్చుకున్న మేనకోడలు. ఇంత తెల్లని పళ్ళు మా ఇంట్లో ఎవరికీ లేవని పెళ్ళిలో అందరికీ చెప్పింది. పెంటప్పకు టెలిగ్రాం కొట్టించారు. వస్తాడు. వచ్చి, అక్కా, నా బిడ్డను ఏం చేసినవే అనడు. వాడు అట్లా అనే మనిషి కాదు. ఏమీ అనకుండా గోడకు చేరబడి కూర్చుంటాడు. అది ఎట్లా చూడాలి?

పొట్ట కోస్తే మనిషి బతుకుతాడా? ఈ మాట మల్లప్ప అన్నలు అన్నారు, అప్పుడు. మల్లప్ప ఆమె పెనిమిటి. ఆయన పొట్ట కూడా ఇట్లాగే పైన గట్టిపడింది, చెయ్యి పెడితే లోపల కొబ్బరికాయ ఉన్నట్టు. ఎండిన జొన్న కడక్ రొట్టె పాలల్లో నానబెట్టి ఇచ్చినా కక్కేవాడు, చివరికి కక్కింది కాఫీపొడి నీళ్ళలాగా నల్లగా. ఇదే దవాఖానా కాదు, వేరేది, కానీ వాసన ఇదే. కోసి చూస్తేగానీ చెప్పలేమన్నారు. అన్నలు వద్దన్నారు, ఆమె కూడా వద్దన్నది. ఎందుకు వద్దన్నదంటే భయం. ఇంటికి తెచ్చుకున్నారు. సాంచెల చప్పుడు మధ్య, తన చోట తాను, పోయాడు. కడుపులో గడ్డ అన్నారు. గడ్డ ఏంటిదో ఎవరూ చూడలేదు, అట్లాగే కాల్చేశారు. ఆయన గడ్డ కోడలి కడుపులోకి ఎట్లా వస్తుంది, రక్తసంబంధం కూడా అటునుంచి కాదు గదా. అయినా మొన్న మంగళ పొట్ట మీద చెయ్యి పెట్టినప్పుడు అరచేయి గుర్తుపట్టింది. అదే గట్టితనం. అరచేతికి మతిమరుపు ఉండదు. ఈసారి డాక్టరు కోస్తామన్నప్పుడు కొడుకు దశరథ్ ఆమె ముఖంలోకి చూశాడు, ‘అవ్వా, ఏం జెయ్యాలె’ అని. వద్దంటే ఏమవుతుందో ఆమె ఒకసారి చూసింది. ఔనంటే ఏమవుతుందో ఎన్నడూ చూడలేదు. చూడని దాని వైపు తల ఊపింది. ఊపిన తల ఇప్పుడు భుజాల మీద నిలవడం లేదు.

చెప్పుల చప్పుడు, ఆ వెంటనే తంబాకు వాసన. చూడకుండానే అంజమ్మ అని తెలిసింది. ఒకప్పుడు గోడకు గోడ పక్కింట్లో ఉండేది, బీడీ కార్మికులకు ఇళ్ళు కట్టినప్పుడు విడీ ఘర్కుల్‌కి మారింది, అయినా ఈ ఇంట్లో ఎవరికి తుమ్ము వచ్చినా ముందు ఆమెకే తెలుస్తుంది. మనవరాలిని తన కూతురి దగ్గర పెట్టి వచ్చానని, పిల్ల పల్లీల పొడితో రొట్టె తిన్నదని, అమ్మ ఏదని ఒక్కసారే అడిగిందని చెప్పింది. ఒక్కసారే ఎందుకు అడిగింది, అప్పుడే మరిచిపోయిందా, పిల్లలకు ముందే తెలుస్తుందంటారు. అంజమ్మ ఫ్లాస్కులోంచి చాయ్ పోసి చేతికిచ్చి, తలుపు వైపు గడ్డం ఎత్తింది.

‘కోసే డాక్టరును పొద్దుగాల చూసిన వదినె. చేతులు ఆడపిల్ల చేతులు. గసువంటి చేతులు మా బీడీ కార్ఖానల ఉంటే దినాం ఎన్ని బీడీలు చుడుతుండెనో.’

‘ఊకో అంజమ్మ.’

‘ఎందుకు ఊకుంటనే, నువ్వు ఏడుస్తవు. పుట్టినకాడ్నుంచి తంబాకులనే కూసుంటి గద, నా కడుపు కోస్తే ఏమెల్లుతది చెప్పు? తంబాకే. గా డాక్టరుకు తుమ్ములొచ్చి కత్తి కింద పడేస్తడు.’ తన మాటకు తానే నవ్వి, చాయ్ ఊదుకుంటూ, ‘నీ కడుపు కోస్తే ఏమెల్లుతదో’ అన్నది.

తన కడుపులో ఏముంటుంది? భయం బయటికి వస్తుంది, గంపెడు. కానీ నవ్వు కూడా వచ్చినట్టే వచ్చింది. ఈ మనిషి మాటలు ఎప్పుడూ ఇంతే, మల్లప్ప శవం దగ్గర కూడా ఏదో అన్నది, అప్పుడు కూడా అందరూ ఏడుపు మధ్యలో నవ్వారు. చాయ్ చల్లారిపోయింది. తాగలేదు. కొంగు పోగు ఇంకొకటి పళ్ళకు అందింది.

మొదటిసారి మంగళ చెప్పింది చేదబావి దగ్గర, బట్టలు పిండుతూ, గొంతు తగ్గించి. ‘అత్తా, దొడ్డికి ఎర్రగ పోతున్నది.’ ఈమె వెనక్కి కూడా తిరగలేదు. ‘ఎర్ర చద్దర్ల పని నడుస్తున్నది కదనే. రంగు’ అన్నది. ఎంత తేలిగ్గా అన్నది! అనకపోవడానికి ఏముంది, సాలె ఇళ్ళల్లో పుట్టినవాళ్ళెవరైనా అదే అంటారు. నీలం నూలు నడిచే రోజుల్లో ముక్కు చీదితే నీలం. పసుప్పచ్చ నడిస్తే గొంతులోంచి పసుప్పచ్చ కళ్ళె. చంటిపిల్ల చెవిలో గుబిలి తీస్తే ఏ వారం ఏ రంగు నడుస్తుందో చెప్పొచ్చు. దశరథ్ చిన్నప్పుడు వాడి ఉచ్చ గుడ్డలు కూడా రంగుగా ఉండేవి. అది ఉతికిన నీళ్ళ రంగు గానీ, ఆ వయసులో ఎవరు ఆలోచించారు. ఒళ్ళంతా రంగు పీల్చే ఇల్లు, కక్కే ఇల్లు. మంగళ కూడా నవ్వింది, ‘గంతేనా’ అన్నది, ఆమె భుజాలు దిగాయి. తరువాత ఒకనాడు నల్లగా పోయిందన్నది, తారులాగా. అప్పుడు నల్ల అంచుల పని ఉంది. మళ్ళీ అదే జవాబు. ఆ జవాబు ఎంత చక్కగా సరిపోయేదో! ఏ రంగు అడిగినా సాంచె మీద ఆ రంగు ఉండేది.

కళ్ళు మూసుకుంటే మంగళ ముఖం వస్తుంది, కళ్ళ కింద తెల్లగా, పెదవులు గంజి పెట్టిన గుడ్డలాగా. తెరిస్తే దీపం. మూయడమూ భయమే, తెరవడమూ భయమే. మూస్తే, ఆ వారం కూడా వస్తుంది. దశరథ్ కొత్త ఆర్డరు తెచ్చాడు, అన్నీ ఆకుపచ్చ, చిలకరెక్క రంగు. నూలు చిలపలు, కట్టలు కట్టలుగా, గోడ పొడుగునా వేలాడుతుంటే ఇల్లు చేనులాగా ఉన్నది. మురికి కాలవలో ఆకుపచ్చ నురగ. మనవరాలి వేళ్ళు ఆకుపచ్చ. కండెల బుట్టలో పడుకున్న పిల్లి కూడా ఆకుపచ్చ పాదాలతో వంటింట్లోకి వచ్చింది, దాన్ని చూసి మంగళ నవ్వబోయి పొట్ట పట్టుకుంది. ఆ సాయంత్రం బావి దగ్గర రాతి మీద బకెట్లో మంగళ లంగా నానబెట్టి ఉంది. సుందరాబాయి చెంబు తీసుకోవడానికి వంగింది. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముట్టు రోజులు కావు, ముట్టు తెలియని ఇల్లా అది. ఆమె అట్లాగే వంగి ఉండిపోయింది. ఇంట్లో ఆ వారం ఎర్ర పోగు ఒక్కటి లేదు. అటక మీద కూడా లేదు. ఎక్కడినుంచి వస్తున్నది మరి ఈ ఎరుపు? కాళ్ళ కింద రాయి కదిలినట్టు అయింది, వెనక సాంచెలు ఆకుపచ్చగా కొడుతూనే ఉన్నాయి, మంగళ లోపల రాట్నం తిప్పుతూనే ఉంది. తానేం చేసింది? చెంబు ముంచి నీళ్ళు పారబోసింది. ఎరుపు కాలవలోకి పోయి ఆకుపచ్చలో కలిసి మట్టిరంగు అయింది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే అది నిజమవుతుంది. వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టి తాగించింది, మజ్జిగ పోసింది. పేటలో డాక్టరు చూసి మూలవ్యాధి అన్నాడు, ఆ మాట ఎంత తియ్యగా వినిపించిందో. మూలవ్యాధితో ఎవరూ చావరు. తరువాత పొద్దున్నే రాట్నం మీదికి ఒరిగి మంగళ కక్కింది. ఆకుపచ్చ చిలపల మీద. ఆ చిలపలు ఇంకా అట్లాగే ఉన్నాయి, ఎవరూ ముట్టలేదు.

దశరథ్ వచ్చాడు, మోచేతి మడతలో దూది, రక్తం ఇచ్చి వచ్చాడు. ఇంకో సీసా కావాలన్నారట, కారఖానాలో పనిచేసే రాజారాం ఇస్తానన్నాడట, తీసుకురావాలి. తల్లి దగ్గర కూర్చోలేదు. ఎన్నో ఏళ్ళ కింద తండ్రి కోసం కూడా వాడు ఇట్లాగే నిలబడే ఉన్నాడు, అప్పుడు మీసాలు రాలేదు. ఏమన్నా చెప్పిండ్రా అవ్వా, అన్నాడు. ఏమీ చెప్పలేదు అన్నది. ఎంతసేపు కోస్తారు అన్నాడు, ఎవర్నో అడుగుతున్నట్టు. అంజమ్మ వాడి చేతిలో రొట్టె పెడితే తినకుండా చేతిలోనే పట్టుకుని పోయాడు. మెట్ల దాకా పోయి వెనక్కి తిరిగి దీపం వైపు చూశాడు. ఇంకొక సీసా ఎందుకు కావాలి, కారిపోతున్నదా, ఎంత కారితే ఇంకొక సీసా అడుగుతారు? పోసినదంతా ఎటు పోతున్నది? చిల్లి కుండలో నీళ్ళు… వద్దు.

డాక్టరు అడిగిన మాటలు గుర్తొస్తున్నాయి, తెల్లమందు తాగించి ఫోటో తీసిన రోజు. ఫోటోలో కడుపు ఉండాల్సిన చోట ఏదో మబ్బులాగా, దాన్ని చూసి ఆయన నుదురు గోక్కున్నాడు. గడ్డ ఉంది, ఏం గడ్డో తెలవడం లేదన్నాడు. మట్టి తింటుందా? నాహీ. సుద్ద? గోడ సున్నం? నాహీ సాహెబ్. జుట్టు నమిలే అలవాటు? ముగ్గురూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. మంగళ సిగ్గుతో తల అడ్డంగా ఊపింది. మంచి ఇంటి పిల్లండీ, అట్లాంటివి తినదు, అన్నది సుందరాబాయి, కొంచెం కోపంగానే. కడుపుతో ఉన్నప్పుడు కూడా మట్టి ముట్టలేదు. అందరూ ఏదో ఒకటి తింటారు. తాను బియ్యం తిన్నది, అంజమ్మ పొయ్యి బూడిద తిన్నది. మంగళ అదేమీ తినలేదు, పని దగ్గరే కూర్చునేది, పసుప్పచ్చ నూలు కండెలకు చుడుతూ, నోరు కదుపుతూ. గంజి పట్టించిన నూలు కొంచెం తియ్యగా ఉంటుంది గదా. ఏందే నములుతున్నవు అంటే, ఏం లేదత్తా అని మింగేసి నవ్వేది. ఏమీ లేదు నిజంగానే. పోగు.

వచ్చిన కొత్తలో ఉమ్మేది. పెళ్ళి పసుపు ఆరకముందే రాట్నం ముందు కూర్చోబెట్టారు, తెగిన పోగు ముడి వేసి కొస కొరికి, తూ అని పక్కకు. పెంటప్ప మగ్గం వదిలి కిరాణా కొట్టు పెట్టుకున్నాడు, పిల్లకు పద్ధతి ఎవరు నేర్పారు పాపం. పోగు కింద పడుతుంది, కాలి కింద పడుతుంది. సాలెల మూలపురుషుడు భావనరుషి తామర తూడు నుంచి తీసిన పోగు, దాన్ని ఎంగిలి చేసి నేల మీద ఉమ్మేస్తారా? ‘పోగు ఉమ్మితే మగ్గం ఉపాసముంటది.’ తన అత్త చంద్రభాగ ఈ మాట తనకు చెప్పింది, వీపు మీద ఒక్కటి వేసి మరీ. తాను మంగళను కొట్టలేదు. నవ్వుతూనే చెప్పింది. నోట్లోకి వచ్చింది నోట్లోనే పోనియ్యి బిడ్డా, ఈగంత కూడ ఉండదు, ఏమైతది. మంగళ ఒకసారి చెప్తే వినే పిల్ల. మళ్ళీ ఎన్నడూ ఉమ్మలేదు.

మిల్లు భోంగా కూత పెట్టింది. సోలాపూర్‌లో ఏ మూల ఉన్నా వినిపిస్తుంది అది, పనివాళ్ళ పాళీ మారే వేళ. దాని వెనకే దీపం ఆరింది.

సుందరాబాయి లేచి నిలబడింది. కొంగు ముడి గుప్పిట్లో బిగుసుకుంది, మెట్టె ఒకటి అరచేతిలో గుచ్చుకుంది. సంపలం. అంజమ్మ ఏదో అంటున్నది, కరెంటే, కరెంటు వోయిందే, పంకలు చూడు, అంటున్నది, పెదవులు కదలడం కనిపిస్తున్నది గానీ మాట ఇటు రావడం లేదు. కరెంటు పోతే సాంచె ఆగుతుంది. పోగును అటూ ఇటూ మోసే నాడె మధ్యలో ఆగిపోతుంది, ఇటు అంచుకూ చేరదు, అటు అంచుకూ చేరదు, పడుగు నోరు తెరుచుకుని అట్లాగే ఉంటుంది. మంగళ కడుపు అట్లా తెరుచుకుని ఉన్నది ఇప్పుడు, చీకట్లో. ఎవరైనా లాంతరు పట్టుకోండి. మంగళకు చీకటంటే పడదు, పెళ్ళయి ఇన్నేళ్ళయినా దొడ్డికి పోవాలంటే నన్ను లేపుతుంది, అత్తా రా అని. మల్లప్పా, నువ్వు అక్కడ ఉంటే నా కోడలిని నీ దగ్గరికి రానియ్యకు, వెనక్కి పంపు, నీకేమన్నా జాలి ఉంటే. నిన్ను కోయనియ్యలేదని నా మీద కోపముంటే అది నా మీద తీర్చుకో. వెనక ఎక్కడో నేల అదిరింది. దగ్గినట్టు ఒకసారి, రెండుసార్లు, తరువాత ఆగకుండా. జనరేటరు. టకటకటక. చెవుల్లోని దూది ఊడిపడింది. దీపం రెండుసార్లు రెప్ప వేసి వెలిగింది. సుందరాబాయి ఆ చప్పుడును పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుపు బయటికి రాకుండా. పళ్ళ మధ్య గుడ్డ, నాలుక మీద గుడ్డ.

ఎంతసేపని తెలియదు. దశరథ్ తిరిగి వచ్చి పక్కన నిలబడి ఉన్నాడు, ఎప్పుడు వచ్చాడో. తలుపు తెరుచుకున్నప్పుడు దీపం ఇంకా వెలుగుతూనే ఉంది, అందుకే మొదట ఆమె నమ్మలేదు. డాక్టరు వచ్చాడు, ఆ ఆడపిల్ల చేతుల మనిషి, టోపీ తడిసి నుదుటికి అంటుకుపోయింది. చేతిలో స్టీలు గిన్నె, దాని మీద గుడ్డ. ‘మంగళచే కోణ్?’ అన్నాడు, మంగళ తాలూకు ఎవరని. ముగ్గురూ ముందుకు వచ్చారు. ఉన్నదా సాబ్, అన్నాడు దశరథ్.

ఉన్నది, అన్నాడు డాక్టరు. ఇంకా గండం గడవలేదు, కొన్నాళ్ళు చూడాలి, కానీ ఉన్నది. దశరథ్ గోడ వెంట జారి కింద కూర్చుండిపోయాడు. అంజమ్మ దండం పెట్టింది, డాక్టరుకో దేవుడికో. కడుపునిండా గడ్డే, అన్నాడు ఆయన మరాఠీలో, చిన్నపిల్లలకు చెప్పినట్టు నిదానంగా. కడుపును తెరిచి తీశాం. దాని తోక ఒకటి పేగుల్లోకి చాలా దూరం పోయింది. పేగు దాని మీద ఇట్లా ముడుచుకుపోయిందని గుప్పిట మూసి చూపించాడు, సుందరాబాయికి లంగా బొందు గుంజితే పడే కుచ్చులు కనిపించాయి. తోక బిగిసినచోటల్లా పేగును లోపల్నుంచి రంపంలాగా కోస్తూ వచ్చింది, రక్తం అక్కడిది. పేగును కూడా తెరిచి తోక లాగేశాం, చిల్లిపడబోతున్న ముక్క కోసేసి, కొసలు కలిపి కుట్టేశాం. ఇది కేన్సరు కాదు. ఇట్లాంటిది నేను చూడలేదు. వెంట్రుకలనుకున్నా, వెంట్రుకలు కావు. ‘మావశీ, హే కాయ్ ఆహే?’ ఇదేంటిదని, గుడ్డ తీశాడు.

వాసనకు అంజమ్మ ముక్కు మూసుకుంది. కొట్లో అమ్మే చింతపండు ముద్దంత పెద్దది, పొట్టలో ఎట్లా ఉండిందో ఆ ఆకారమే, వంకరగా. దాని కొస నుంచి తాడులాగా పేనుకున్న తోక గిన్నె చుట్టూ చుట్టుకుని ఉంది. ముద్దను ఆయన మధ్యకు కోసినట్టున్నాడు, రెండు చెక్కలు పక్కపక్కన. సుందరాబాయి వంగింది. పైన ఆకుపచ్చ. చిలకరెక్క రంగు, నల్లబడినా గుర్తుపట్టింది, ఆమెకు రంగు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. దాని కింద నల్ల అంచుల నలుపు, సన్నగా. ఆ కింద ఎరుపు, నెత్తుటిది కాదు, చద్దర్లది. నీలం, దసరాకి ముందుది. ఇంకా లోపలికి, ఇంకా లోపలికి, గట్టిగా అదిమిన పొరలు, నట్టనడుమ చింతగింజంత పసుప్పచ్చ. అప్పుడు పిల్ల కడుపులో ఉన్నది. కడుపులో పిల్ల, పిల్ల పక్కన ఇది, రెండూ ఒక్కసారే పెరిగాయి. పిల్ల బయటికి వచ్చింది.

మల్లప్ప నాడె కంటిలోంచి పోగును నోటితో పీల్చేవాడు. కండె మారిన ప్రతిసారి. టప్ అని చిన్న చప్పుడు, ముద్దు పెట్టినట్టు, పెళ్ళయిన కొత్తలో ఆ చప్పుడుకు సిగ్గుపడేది తాను. ఆయన గడ్డను ఎవరూ కోసి చూడలేదు.

‘నేను మిమ్మల్ని అడిగాను గదా’ అంటున్నాడు డాక్టరు. కోపం కాదు, అలసట. మట్టి అడిగాను, సున్నం అడిగాను, వెంట్రుకలు అడిగాను, ఏమీ తినదన్నారు. ఇంత దారం లోపలికి ఎట్లా పోయింది? దశరథ్ నేల మీద నుంచి తల్లినే చూస్తున్నాడు.

‘తినదు సాబ్’ అనబోయింది సుందరాబాయి. అది అబద్ధం కాదు. పోగును ఎవరూ తినరు. ఆ మాట మొదలుపెడుతుంటే నాలుక మీద ఏదో అడ్డుపడింది. మెత్తగా, తడిగా, సగం అప్పటికే గొంతు వైపు జారిపోతూ. పొద్దున్నుంచి కొంగు మూలన ఎన్ని పోగులుండేవి, ఎన్ని మిగిలాయి, ఆమె చూసుకోలేదు. మింగడానికి గొంతు తానే సిద్ధమైంది. ఎనిమిదేళ్ళ వయసు నుంచి సిద్ధంగా ఉన్న గొంతు అది. సుందరాబాయి దాన్ని ఆపింది. రెండు వేళ్ళు నోట్లో పెట్టి పోగును పట్టుకుని లాగింది. వచ్చింది, వెంట్రుకంత సన్నగా, నేరేడు రంగులో. ఉమ్మితే ఉమ్మొచ్చు, వరండా పొడుగునా నేల ఉంది. ఆమె వంగి దాన్ని గిన్నె అంచు మీద పెట్టింది. పోగు అక్కడే అంటుకుంది.

‘ఇట్ల’ అన్నది.